పెంకు పల్చబడిందా? ముందు గుడ్డు పగలగొట్టి చూడండి

గన్నవరం చుట్టుపక్కల కోళ్లు పెంచేవాళ్లకి రోహిణి కార్తె వచ్చిందంటే టెన్షనే. ట్రేలో సర్దుతుంటేనే గుడ్లు చిట్లుతాయి. వెంటనే మేతలో కాల్షియం పెంచేస్తాం. తప్పు ప్రతిసారీ కాల్షియానిది కాదు. కోడి కడుపులో గుడ్డు తయారవడానికి దాదాపు 25 గంటలు పడితే, తెల్లసొనకి మూడు గంటలు చాలు, పెంకుకే సుమారు 20 గంటలు. ఏది చెడిందో చూస్తే గుడ్డు గొట్టంలో తేడా ఎక్కడుందో తెలుస్తుంది.

పెంకు పల్చన, సొన బాగుంది, కోళ్లు నోరు తెరిచి రొప్పుతున్నాయి

పెంకు కాల్షియం కార్బొనేట్. అందులో కార్బొనేట్ తయారవడానికి కార్బన్ డయాక్సైడ్ కావాలి, దాన్ని మార్చిపెట్టేది కార్బోనిక్ ఎన్‌హైడ్రేజ్ అనే ఎంజైము. రొప్పే కోడి ఆ వాయువును బయటికి ఊదేస్తుంది. ఇక ఎంజైముకి సరుకేది? కప్పు మీద వరిగడ్డి పరిచి తడపండి, చల్లటి నీళ్లు పెట్టండి. మేత తెల్లవారుజామున, సాయంత్రం వేయండి. పెంకు ఎక్కువగా రాత్రే పోసుకుంటుంది కాబట్టి కాల్షియం ఇచ్చే ఆల్చిప్ప గుల్ల పలుకులు సాయంత్రం మేతలో కలపాలి. గుల్ల పిండి త్వరగా కరిగిపోతుంది, పలుకు తెల్లవార్లూ అందుతుంది. ఈ ఎంజైముకి జింకు కూడా కావాలి, మినరల్ మిక్చర్ మానకండి.

ఎండ లేదు, మేత మారలేదు, అయినా పల్చన

నీళ్లలో ఏ మందు కలిపారో గుర్తు చేసుకోండి. ఓసారి మా కోళ్లకి రక్తపారుడు వస్తే మందుల షాపులో సల్ఫా పొడి ఇచ్చారు. నాలుగో రోజుకి పెంకు గట్టిపడని తోలుగుడ్లు! కాల్షియం మీద కాల్షియం పోశాను, దండగ. సల్ఫా మందులు ఆ ఎంజైమునే అడ్డుకోగలవని తర్వాత తెలిసింది. ఆపేశాకే పెంకు కుదుటపడింది. పైగా మందు గుడ్డులోకీ దిగుతుంది, ఆ గుడ్లు అమ్మకూడదు.

పెంకు ముడతలు, తెల్లసొన నీళ్లలా

ఆ రోజు గుడ్డే ప్లేట్లో కొట్టండి, నిల్వ గుడ్డులో సొన ఎలాగూ జారుతుంది. తుమ్ములు, గురక కూడా ఉంటే ఐ.బి. (ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ అనే కోళ్ల శ్వాసనాళాల జబ్బు) వైరస్‌ని అనుమానించాలి. అది గొట్టం లోపలి పొరను దెబ్బతీస్తుంది. బాక్టీరియా గోడను చీల్చే లైసోజైమ్, ఇనుము అందకుండా పట్టేసుకునే ఓవోట్రాన్స్‌ఫెర్రిన్ సొనలోకి వచ్చేది ఆ పొర నుంచే. అంటే సొన తయారీ పోయింది, క్రిముల మీద కాపలా కూడా పోయింది. వైరస్‌కి మందు లేదు, టీకాలు వేళకి వేయించడమే. పిల్లప్పుడే సోకిన పెట్టల్లో కొన్ని నిగనిగలాడుతూ తిరుగుతాయి గానీ గుడ్డు పెట్టవు. వాటిని ఏరేయండి.

గుడ్లు ఆగాయి, పొట్ట దిగింది

చచ్చిన కోడిని గన్నవరం వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లి కోయించండి. గొట్టంలో జున్నుముక్కలాంటి గడ్డ కనిపిస్తే చాలాసార్లు ఈ.కోలై అనే బాక్టీరియా పనే. కోడి చీము మనలా కారదు, గట్టిపడుతుంది, అందుకే ఆ కోడికి మందు వేసినా పెద్దగా లాభం ఉండదు. మిగతావాటి కోసం నీళ్ల పైపులు కడగండి, లిట్టరు (షెడ్డు నేల మీద పరిచే పొట్టు) ఆరబెట్టండి. కోడిని ఐసు వేసిన థర్మాకోల్ పెట్టెలో తీసుకెళ్లండి. ఈ ఎండల్లో డిక్కీలో రెండు గంటలుంటే లోపలంతా కుళ్లి, ఏ జబ్బో చెప్పడం ఎవరి తరమూ కాదు.