మడ్డి కరగడం లేదా? ముందు రెండు సీసాలు తీయండి

గుజరాత్‌లో మెహ్సానా దగ్గరి బలోల్, సంథాల్ బావుల్లాంటి చోట చిక్కటి ముడి చమురుతో పనంటే ట్యూబింగ్‌లో (బావిలోంచి చమురు పైకి వచ్చే గొట్టంలో) మడ్డి పేరుకోవడం మామూలే. సాల్వెంట్ (మడ్డిని కరిగించే ద్రవం) పోసినా కదలకపోతే డోసు పెంచేస్తుంటాం. ఆ మడ్డి దేనితో గడ్డకట్టిందో మాత్రం చూడం.

సమస్య: డీజిల్‌లో రాత్రంతా నానబెట్టినా గట్టి నల్ల పెచ్చు మిగిలింది.

చాలావరకు అది అస్ఫాల్టీన్, అంటే ముడి చమురులోని బరువైన నల్లటి భాగం. హెప్టేన్‌లో కరగదు, టోలుయిన్‌లో కరుగుతుంది. దాని నిర్వచనమే అది. డీజిల్ చుట్టూ ఉన్న నూనెను, మైనాన్ని లాక్కుపోయి పెచ్చును ఇంకా బిగిస్తుంది. చిటికెడు మడ్డిని ఒక సీసాలో హెప్టేన్‌లో, ఇంకోదాంట్లో టోలుయిన్‌లో వేసి చూడండి. టోలుయిన్‌లోనే కరిగితే టోలుయినో జైలీనో తెప్పించాల్సిందే. రెండింట్లోనూ గోరువెచ్చగా చేస్తే కరిగితే మైనం. ఎందులోనూ కరగకపోతే ఇసుక, తుప్పు, ఉప్పు పొలుసు అనుకోవచ్చు. అలాగని వెంటనే యాసిడ్ పోయకండి. ఐరన్ సల్ఫైడ్ ఉంటే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది, ప్రాణాలు తీసే వాయువు.

సమస్య: మొదట్లో సాల్వెంట్ గబగబా నల్లబడింది, తర్వాత ఆగిపోయింది.

బెల్లం గడ్డను గ్లాసు నీళ్లలో వేసి కదపకుండా వదిలేస్తే ఏమవుతుందో ఇక్కడా అదే. మడ్డిని ఆనుకున్న పొర నిండిపోతే కొత్త సాల్వెంట్ దాకా దారి ఉండదు. సర్క్యులేట్ చేయండి. వీలుకాకపోతే పాతది తీసి కొత్తది పోయండి. వేడి కూడా సాయం చేస్తుంది, కానీ టోలుయిన్ ఫ్లాష్ పాయింట్ (దాని ఆవిరికి నిప్పు అంటుకోగల కనీస వేడి) దాదాపు 4 డిగ్రీల సెల్సియస్. మంట దరిదాపుల్లో ఉండకూడదు.

సమస్య: సర్ఫాక్టెంట్ కలిపినా వేగం పెరగలేదు.

సర్ఫాక్టెంట్ అంటే సబ్బులాంటి రసాయనం. సాల్వెంట్ చేసే పని అది చేయదు. డోడెసైల్ బెంజీన్ సల్ఫోనిక్ యాసిడ్ లాంటిది విడిపోయిన అస్ఫాల్టీన్ కణాలను మళ్లీ అంటుకోనివ్వదు, అంతే. అసలు సాల్వెంటే తప్పుడుదైతే అది చేసేదేమీ లేదు. మడ్డి మీద నీటి పొర ఉన్నా సాల్వెంట్ దాన్ని తాకదు. అక్కడ నీటిలోనూ నూనెలోనూ కలిసే మ్యూచువల్ సాల్వెంట్‌ను జోడిస్తే దారి తెరుచుకుంటుంది. సర్ఫాక్టెంట్ డోసు మితిమీరితే చమురు, నీరు కలిసి విడిపోని ఎమల్షన్ తయారవుతుంది. అప్పుడు చమురును, నీటిని విడదీసే సెపరేటర్ దగ్గర తిట్లు మనకే.

వేగం పోల్చేటప్పుడు ఒకే బరువున్న ముక్కలను తీగవల బుట్టల్లో పెట్టి, ఒకే వేడిలో ముంచి, గంటకోసారి ఆరబెట్టి తూకం వేయండి. బుట్టలోంచి పోయిందంతా కరిగినట్టు కాదు. అడుగున పడ్డదాన్ని వడకట్టి విడిగా తూచండి. సర్ఫాక్టెంట్ ఉన్న సీసాలో ఆ రాలినది తరచూ ఎక్కువే ఉంటుంది.