అలర్జీ చర్మ పరీక్షకు ఎలా సిద్ధం కావాలి?

జ్వరం లేకుండా తెల్లవారుజామున వరుస తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద వారాల తరబడి వేధిస్తుంటే, అది జలుబు కాక గాలిలోని ఏదో పదార్థం పడకపోవడం కావచ్చు. ఆ పదార్థం ఏదో తెలుసుకోవడానికి వైద్యులు స్కిన్ ప్రిక్ టెస్ట్ చేస్తారు.

పరీక్షకు ముందు రెండు మూడు వారాల పాటు, బాధ ఎప్పుడు, ఎక్కడ పెరుగుతోందో రాసుకోండి. పక్క దులిపినప్పుడు తుమ్ములు మొదలైతే పరుపులు, దిండ్లలో ఉండే, కంటికి కనిపించని డస్ట్ మైట్లనే సూక్ష్మ జీవులను అనుమానించవచ్చు. వానాకాలంలో చెమ్మగిల్లిన గోడల బూజు, వంటింటి బొద్దింకల విసర్జన, పెంపుడు పిల్లి చర్మపు పొట్టు, బీడు భూముల్లో పెరిగే వయ్యారిభామ పుప్పొడి కూడా తరచుగా కనిపించే కారణాలే. ఈ కాగితం లేకుండా వెళితే పరీక్ష ఫలితాన్ని దేనితో పోల్చాలో వైద్యుడికి తెలియదు.

తరువాతిది మందుల సంగతి. ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. సెటిరిజిన్ వంటి యాంటీహిస్టమిన్ (అలర్జీని అణిచే) మాత్రలను సాధారణంగా వారం ముందు నుంచి ఆపమంటారు. జలుబు మాత్రల్లోనూ, కొన్ని దగ్గు మందుల్లోనూ ఇవే ఉంటాయి కనుక సీసా మీది పేర్లు చదవండి. ఆస్తమా ఇన్‌హేలర్‌ను మాత్రం మానకూడదు. రక్తపోటుకు బీటా బ్లాకర్లు, మానసిక సమస్యలకు మందులు వాడేవారు, గర్భిణులు, ఆయాసం అదుపులో లేనివారు ముందే వైద్యుడికి చెప్పాలి. ఏ మందునూ సొంతంగా ఆపకండి.

పరీక్ష రోజు ముంజేతికి క్రీములు, నూనె రాయకండి. నర్సు చర్మంపై రెండేసి సెంటీమీటర్ల దూరంలో అనుమానించే ఒక్కో పదార్థపు ద్రావణాన్ని చుక్కగా వేసి, ఆ చుక్క మీదుగా లాన్సెట్ అనే చిన్న సూదిమొనతో గుచ్చుతారు. రక్తం రాదు, నొప్పి చీమ కుట్టినంతే. వీటితో పాటు పోల్చి చూడటానికి హిస్టమిన్ (అలర్జీలో దురద, దద్దుర్లు కలిగించే పదార్థం) చుక్క, ఉప్పునీటి చుక్క కూడా వేస్తారు. హిస్టమిన్ దగ్గర దద్దురు లేవకపోతే మందు ప్రభావం ఇంకా ఉందని, ఉప్పునీటి దగ్గరా లేస్తే గీరినంత మాత్రానే ఉబ్బే చర్మం కావచ్చని అర్థం. ఆ రెండు సందర్భాల్లోనూ మిగతా ఫలితాన్ని నమ్మలేము.

15 నుంచి 20 నిమిషాల తరువాత దద్దుర్లను కొలుస్తారు. ఉప్పునీటి చుక్క దగ్గరి దానికన్నా కనీసం 3 మిల్లీమీటర్లు పెద్దదైతే పాజిటివ్ అంటారు. అప్పటిదాకా ఎంత దురద పుట్టినా గోకకండి. తీవ్రమైన ప్రతిచర్య చాలా అరుదు, అయినా ఊపిరి బిగిసినట్లుంటే వెంటనే చెప్పండి.

పది చుక్కల్లో ఆరు పాజిటివ్ వచ్చాయని బెంగపడకండి. పాజిటివ్ అంటే శరీరంలో ఆ పదార్థానికి వ్యతిరేకంగా ఐజీఈ అనే, అలర్జీకి సంబంధించిన ప్రతిరక్షకాలు ఉన్నాయనే. జబ్బుకు అదే కారణమని కాదు. మీరు రాసుకున్న కాగితాన్ని పక్కన పెట్టుకుని ఏది సరిపోలుతుందో వైద్యుడితో కలిసి చూడండి. డస్ట్ మైట్లే కారణమని తేలితే పక్కదుప్పట్లు, దిండు గలీబులను వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకడంతో మొదలుపెట్టవచ్చు. మందులు ఆపడం వీలుకాని వారికి రక్తంలో ఐజీఈ పరీక్ష చేయించే మార్గం ఉంది.