రాత్రి విమానం ఎక్కే పార్సిల్‌ను ఎలా కట్టాలి

పోయిన నెల దిల్‌సుఖ్‌నగర్ నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. ఢిల్లీలో చదువుకుంటున్న మనవరాలికి ఆవకాయ, సున్నుండలు, ఒక పవర్ బ్యాంకు పంపాలట. "నువ్వు ఎయిర్‌పోర్టులో చేసేది పార్సిళ్ల పనేగా, ఎలా కట్టాలో చెప్పరా" అంది. శంషాబాద్ కార్గోలో ఒక ఎక్స్‌ప్రెస్ కంపెనీ తరఫున పదకొండేళ్లుగా నైట్ డ్యూటీ చేస్తున్నాను. ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మీ పెట్టె రాత్రంతా ఏమవుతుందో తెలియాలి. సాయంత్రం కూకట్‌పల్లి, అమీర్‌పేట, సికింద్రాబాద్ బ్రాంచీల్లో తీసుకున్నవన్నీ వ్యాన్లలో మా దగ్గరికి వస్తాయి. తూకం వేస్తాం, బార్‌కోడ్ స్కాన్ చేస్తాం, ఎక్స్‌రేలో చూస్తాం. చిన్నవాటిని ఊరివారీగా పెద్ద సంచుల్లో వేసి సీలు బిగిస్తాం. కొన్ని కంపెనీలకు సొంత సరుకు విమానాలున్నాయి. బ్లూ డార్ట్ 1996 నుంచి చెన్నై కేంద్రంగా నడుపుతోంది. అమెజాన్ మన దేశంలో తన ఎయిర్ సర్వీసును 2023 జనవరిలో హైదరాబాద్‌లోనే మొదలుపెట్టింది. సొంత విమానాలు లేనివాళ్లు ప్రయాణికుల విమానాల్లో సీట్ల కింద ఉండే అరలో చోటు కొనుక్కుంటారు. మీ పెట్టె నేరుగా వెళ్లకుండా వేరే ఊరి హబ్‌లో దిగి, విమానం మారి వెళ్లొచ్చు. ట్రాకింగ్‌లో సంబంధం లేని ఊరు కనిపించిందని టెన్షన్ పడకండి.

అన్నిటికన్నా ముఖ్యం కట్ఆఫ్ టైమ్. విమానంలో ఎక్కడ ఎంత బరువుందో లెక్కగట్టి లోడ్ షీట్ చేస్తారు. అది ఖాయమయ్యాక వచ్చిన పెట్టె మరుసటి రాత్రి దాకా ఆగాల్సిందే. మీ బ్రాంచిలో "ఎన్నింటికి మూస్తారు" అని కాదు, "ఈ రోజు ఫ్లైట్‌కి ఎన్నింటిలోగా ఇవ్వాలి" అని అడగండి. ఈ రెండూ ఒకటి కాదు.

ఇక ఆవకాయ. ఒక రాత్రి బెల్టు మీద ఓ సంచీ అడుగు ఎర్రగా తడిసి కనిపించింది. విప్పితే గాజు సీసా మూత పక్కనుంచి నూనె కారి, కింద ఉన్న కవర్లలోకి దిగింది. వాటిలో ఒకదాంట్లో ఎవరో అబ్బాయి డిగ్రీ సర్టిఫికెట్లు. టిష్యూలతో ఒక్కో కాగితం అద్ది ఆరబెట్టాం. మరక మాత్రం పోలేదు. ఆ అబ్బాయి మొహం నేను చూడలేదు గానీ, ఆ కాగితాలు ఇంకా కళ్లముందే ఉన్నాయి.

మూత గట్టిగానే ఉండి ఉంటుంది. పైకి వెళ్లాక సరుకు అరలో గాలి ఒత్తిడి నేలమీద ఉన్నంత ఉండదు, సుమారు ముప్పావు వంతుకు తగ్గుతుంది. సీసాలో మిగిలిన గాలి ఉబ్బుతుంది. సీసా పక్కకి పడి ఉంటే ఆ గాలి నూనెను బయటికి తోస్తుంది. అందుకే పచ్చడికి సీసా వద్దు. మందపాటి పౌచ్‌లో వేసి, గాలంతా నొక్కేసి సీలు చేయించండి. దాన్ని ఇంకో పౌచ్‌లో పెట్టి అలాగే సీలు వేయించండి. ఆ పైన ప్లాస్టిక్ డబ్బా, చుట్టూ పాత న్యూస్‌పేపర్లు. కారినా డబ్బా దాటకూడదు. పచ్చళ్ల షాపుల్లో చాలామంది ఈ ప్యాకింగ్ చేసిస్తారు.

సున్నుండలకు ఒక్కోదానికి బటర్ పేపర్ చుట్టి, గట్టి డబ్బాలో కదలకుండా సర్దండి. కట్టేశాక పెట్టెను నడుమెత్తు నుంచి ఒకసారి కింద పడేయండి. లోపల గలగలమంటే మళ్లీ కట్టండి. మా బెల్టుల మీద అంతకన్నా మెత్తగా ఏమీ జరగదు. పైగా దానిమీద ఇరవై కిలోల పెట్టె ఎక్కొచ్చు.

పవర్ బ్యాంకు పెట్టొద్దన్నాను. పిన్ని అలిగింది. బట్టల మధ్య పెడితే ఎవరు చూస్తారంది. ఎక్స్‌రే చూస్తుంది పిన్నీ, అందులో బ్యాటరీ స్పష్టంగా తెలిసిపోతుంది. విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా వేయడం 2016 ఏప్రిల్ 1 నుంచి అంతర్జాతీయంగా నిషేధం. పవర్ బ్యాంకు ఆ లెక్కలోకే వస్తుంది. ఒక సెల్ వేడెక్కితే పక్క సెల్‌కి అంటుకుంటుంది, ఆకాశంలో ఆ మంట ఆర్పడం చాలా కష్టం. దొరికితే మీ పెట్టె ఆగిపోతుంది, ఆవకాయా దాంతోపాటే ఆగుతుంది. సెంటు, డియోడరెంట్ స్ప్రే, నెయిల్ పాలిష్, లైటర్, టపాసులు కూడా పెట్టొద్దు. లోపల ఏమున్నాయో ఫారంలో ఉన్నదున్నట్టు రాయండి. దాచినవాళ్ల వల్ల మిగతావాళ్ల సరుకూ లేటవుతుంది.

డబ్బు దగ్గర ఒక లెక్క. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించండి. చాలా ఎక్స్‌ప్రెస్ కంపెనీలు అలా వచ్చిన బరువు, అసలు బరువు, రెండిట్లో ఎక్కువదానికే చార్జ్ చేస్తాయి. 50, 40, 30 పెట్టెలో నాలుగు కిలోల వడియాలు వేస్తే బిల్లు పన్నెండు కిలోలకు పడుతుంది. అందుకే పెట్టె సరుకుకి సరిపోయేంతే ఉండాలి. విదేశానికైతే ఆధార్ కాపీ, వస్తువుల విలువ రాసిన ఇన్‌వాయిస్ కూడా తీసుకెళ్లండి.

చివరగా, పాత లేబుళ్లన్నీ చింపేయండి, లేకపోతే స్కానర్ పాత బార్‌కోడ్‌ను పట్టుకుంటుంది. ఇంకో చిన్న కాగితం మీద చేరాల్సిన చిరునామా, రెండు ఫోన్ నంబర్లు రాసి పెట్టె లోపల అన్నిటికన్నా పైన పెట్టండి. వానాకాలంలో ఒకసారి లేబుల్ ఊడిపోయిన పెట్టె ఒకటి మా దగ్గర మిగిలిపోయింది. సూపర్‌వైజర్ ముందు విప్పితే, పైనే రూళ్ల నోటుబుక్కు కాగితం. గుండ్రటి తెలుగు అక్షరాల్లో పుణెలో హాస్టల్ చిరునామా, కింద "బాబూ, ముందు జంతికలు తిను, మెత్తబడతాయి" అని ఉంది. కొత్త లేబుల్ అంటించి ఆ రాత్రే ఎక్కించాం.