కరోనా వైరస్ తిరుగుతున్నప్పుడు సరుకులకి ఎలా వెళ్ళాలి? ప్యాకెట్లు కడగడం సరే, ముందు మాస్కు సంగతి చూడండి

2020 మార్చి నుంచి 2021 చివరిదాకా మా ఇంటికి, పక్కింటి పిన్నిగారూ బాబాయిగారికి, పై అంతస్తులో ఒక్కరే ఉండే మామ్మగారికి, మొత్తం మూడిళ్ళకి సరుకులు తెచ్చింది నేనే. విజయవాడలో. వారానికి ఒకసారి, ఒక్కోసారి రెండుసార్లు. ఆ రెండేళ్ళలో నేను చూసిందేంటంటే జనం ఇంటికొచ్చాక ఉల్లిపాయల్ని సర్ఫు నీళ్ళలో వేసి రుద్దేవాళ్ళు, పాల ప్యాకెట్ కి శానిటైజర్ కొట్టేవాళ్ళు, నోట్లు ఇస్త్రీ చేసినవాళ్ళని కూడా చూశాను, కానీ అదే మనుషులు పొద్దున షాపులో మాస్కు గడ్డం కిందకి లాగేసి పక్కవాళ్ళ మొహం మీద మాట్లాడుతూ పావుగంట నించున్నారు. కేసులు పెరుగుతున్నాయని ఎప్పుడు వార్త వచ్చినా మళ్ళీ అదే వరస. అందుకే ఇది రాస్తున్నా.

ముందు ఒక్క విషయం అర్థం చేసుకోండి, మిగతాదంతా దాన్నిబట్టే ఉంటుంది. కరోనా ముక్కు నుంచి, నోటి నుంచి గాల్లోకి వస్తుంది. పెద్ద తుంపరలు కింద పడిపోతాయి, సన్నవి గాల్లోనే తేలుతుంటాయి, తలుపులేసిన గదిలో సాంబ్రాణి వేస్తే పొగ ఎలా ఉండిపోతుందో అలాగన్నమాట. 2020 మార్చిలో ఒక అధ్యయనం వచ్చింది, ప్లాస్టిక్ మీద 72 గంటల వరకు, అట్టపెట్టె మీద 24 గంటల వరకు వైరస్ కనిపించిందని. అది ల్యాబులో చేసిన పని, కానీ దాంతో అందరికీ భయం ప్యాకెట్ల మీదకి పోయింది, నేనూ కందిపప్పు ప్యాకెట్లని మూడు రోజులు బాల్కనీలో పెట్టేదాన్ని. తర్వాత 2021 ఏప్రిల్ లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ తేల్చి చెప్పింది, వైరస్ ఉన్న వస్తువుని ఒకసారి ముట్టుకుంటే అంటుకునే అవకాశం సాధారణంగా 10,000 లో ఒకటి కన్నా తక్కువని. అంటే మన జాగ్రత్తలో ముప్పాతిక వంతు షాపులో పీల్చే గాలి మీద పెట్టాలి, మిగిలిన పావు వంతు చేతుల మీద.

సరే, పనిలోకి వద్దాం.

ఇంట్లో చేసుకోవాల్సింది పెద్దగా ఏం లేదు. ఒక్కరే వెళ్ళాలి, అరవై దాటినవాళ్ళు వద్దు, పిల్లలు వద్దు, ఒళ్ళు వెచ్చగా ఉన్నా గొంతు గరగరలాడుతున్నా అసలు వద్దు, పక్కింటివాళ్ళకి ఫోన్ చేసి చెప్పండి, గేటుకి సంచి తగిలించి వెళ్తారు. రెండు గుడ్డ సంచులు. లిస్టు కాగితం మీద రాయాలి, ఫోన్లో కాదు, ఎందుకంటే షాపులో ఫోన్ తీస్తే వాట్సాప్ చూస్తారు, నిమిషాలు పోతాయి. ఇంట్లోనే మంచినీళ్ళు తాగేసి బయల్దేరండి. ఫోన్ కి ఫేస్ లాక్ ఉంటే తీసేసి పిన్ పెట్టుకోండి, ఎందుకో తర్వాత చెప్తా.

ఎప్పుడు వెళ్ళాలి. 2021 మే 5 నుంచి కర్ఫ్యూ పెట్టి మన దగ్గర పొద్దున ఆరింటి నుంచి పన్నెండింటి వరకే షాపులు తెరవనిచ్చారు, తెలంగాణలో మే 12 నుంచి ఆరు నుంచి పది వరకే. టైము తగ్గిస్తే ఏమవుతుంది, అందరూ తెరవగానే ఒక గుంపు, మూసే ముందు ఇంకో గుంపు. మధ్యలో వెళ్ళాలి. నేను ఎనిమిదిన్నరకి వెళ్తాను, మీరూ ఎనిమిదిన్నరకే వెళ్ళండి, అప్పటికి పాలవాళ్ళ హడావిడి అయిపోతుంది, ఎండ ఇంకా ఎక్కదు. ఆదివారం వద్దు. ఆదివారం చికెన్ షాపు క్యూ, కూరగాయల క్యూ కలిసిపోతాయి.

ఎక్కడ కొనాలి అనేదానికి నా దగ్గర ఒకటే జవాబు, పైన ఆకాశం కనిపించే చోట. 2020 లో రైతుబజార్లని విడగొట్టి గ్రౌండ్లలోకి మార్చింది అందుకే కదా, గాలి ఆడుతుంది, మనిషికీ మనిషికీ మధ్య జాగా ఉంటుంది. జనం కిక్కిరిసిన మార్కెట్ ఏం చేస్తుందో 2020 మేలో చెన్నై కోయంబేడు చూపించింది, అక్కడ మొదలైంది మన చిత్తూరు, నెల్లూరు జిల్లాల దాకా వచ్చింది. పచారీ సరుకులకైతే వీధిలో కిరాణా కొట్టు, మనం రోడ్డు మీదే నించుంటాం, ఆయన లోపలినుంచి అందిస్తాడు. లిస్టు ముందు రాత్రే పంపేస్తే పొద్దునకి కట్టి ఉంచుతాడు, మనం రెండు నిమిషాల్లో తీసుకుని వచ్చేస్తాం. సూపర్ మార్కెట్ వద్దు. అక్కడ శానిటైజర్ ఇచ్చేవాళ్ళు, నుదుటి దగ్గర థర్మామీటర్ పెట్టేవాళ్ళు, చూడ్డానికి బాగుండేది, కానీ అద్దాలన్నీ మూసి ఏసీ వేసిన చోట నలభై మంది వదిలిన గాలినే మనం పీలుస్తాం, పైగా ట్రాలీ తోసుకుంటూ లిస్టులో లేనివి వెతుక్కుంటూ అరగంట తిరుగుతాం. ఆన్‌లైన్ లో తెప్పించుకోవడం మంచిదే, కాదనను, కానీ మా మామ్మగారికి గోంగూర ఎర్ర కాడదే కావాలి, వంకాయలు పుచ్చులు లేకుండా కావాలి, అది యాప్ లో కుదరదు.

ఇంకొకటి, షట్టర్ సగం దించిన షాపులోకి మాత్రం చచ్చినా వెళ్ళొద్దు. కర్ఫ్యూ టైము అయిపోయాక బయట మూసినట్టు కనిపించాలని కొందరు సగం దించి జనాన్ని లోపలికి తీసుకునేవాళ్ళు. ఉన్న ఒక్క గాలి దారి కూడా మూసేసినట్టే. 2021 మేలో మా నాన్నగారు నాకు చెప్పకుండా అలాంటి షాపులోకి మినప్పప్పు కోసం వెళ్ళారు, ఇరవై నిమిషాలు లోపలున్నారు, పదిమంది దాకా ఉన్నారట. నాలుగో రోజు జ్వరం. ఖచ్చితంగా అక్కడే అంటుకుందని చెప్పలేను, కానీ ఆ వారంలో ఆయన గడప దాటింది అదొక్కసారే. కోలుకున్నారు, కానీ ఆ రెండు వారాలు ఆక్సీమీటర్ చూసుకుంటూ గడిపిన రాత్రులు ఇంకెవరికీ వద్దు.

ఇప్పుడు అసలు స్టెప్పు. గడప దాటిన దగ్గర్నుంచి తిరిగి వచ్చేదాకా మాస్కుని కదపకూడదు. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది, కానీ నూటికి తొంభైమంది ఇక్కడే తప్పుతారు, కాబట్టి నిదానంగా చదవండి.

మాస్కు ఇంట్లో అద్దం ముందు పెట్టుకోండి, షాపు ముందు బండి దిగాక కాదు. ఎన్95 అయితే మేలు, లేదంటే సర్జికల్ దాని పైన గుడ్డది, రెండు. కవాటం (వాల్వు) ఉన్న ఎన్95 వద్దు, అది మనం వదిలే గాలిని వడకట్టకుండా బయటికి పంపిస్తుంది, 2020 జూలైలోనే కేంద్రం వాటిని వాడొద్దని రాష్ట్రాలకి రాసింది. కండువా, చున్నీ, పైట కొంగు మాస్కు కాదు, పక్కలనుంచి గాలి పోతుంది, పైగా జారినప్పుడల్లా మొహం మీదకి చెయ్యి వెళ్తుంది. ముక్కు దగ్గర తీగని రెండు చేతుల వేళ్ళతో నొక్కాలి, ఒక చేత్తో నొక్కితే మధ్యలో వంగి సందు వస్తుంది. తర్వాత గట్టిగా ఊపిరి వదలండి. కళ్ళకి గాలి తగిలినా, కళ్ళజోడుకి ఆవిరి పట్టినా మాస్కు సరిగ్గా కూర్చోలేదని అర్థం, మళ్ళీ సర్దుకోండి. గడ్డం గుబురుగా ఉంటే ఎన్95 కూడా అతకదు. ఆడవాళ్ళు జుంకీలు ఇంట్లోనే తీసేయండి, మాస్కు తాడు వాటిలో చిక్కుకుంటే నడి షాపులో విప్పదీసుకోవాల్సి వస్తుంది.

ఇక షాపులో మాస్కు ఎప్పుడెప్పుడు కిందకి దిగుతుందో నేను రెండేళ్ళు గమనించాను. ఎక్కువగా మాట కోసం. కొట్టాయనకి వినపడక "ఏంటమ్మా?" అంటాడు, వెంటనే మనం మాస్కు లాగి గట్టిగా "శనగపప్పు కేజీ" అని అరుస్తాం. గట్టిగా మాట్లాడినప్పుడే నోట్లోంచి తుంపరలు ఎక్కువ వస్తాయి, సరిగ్గా అప్పుడే అడ్డం తీసేస్తున్నాం. కాగితం మీద లిస్టు అన్నది ఇందుకే, ఆయన చేతిలో పెట్టేయండి, మాట అవసరం లేదు. తర్వాతది ఫోన్, డబ్బు కట్టేటప్పుడు ఫేస్ లాక్ తెరుచుకోవాలని మాస్కు దించుతారు, అదీ బిల్లు దగ్గర, జనం అంతా ఉన్న చోట. పిన్ పెట్టుకోమన్నది అందుకు. ఇంకోటి కవర్ విప్పడానికి, నోట్లు లెక్కపెట్టడానికి వేలు నాలుకకి అద్దుకోవడం, ఇది మనకి చిన్నప్పటి నుంచి అలవాటు, చెయ్యి దానంతటదే వెళ్ళిపోతుంది. కవర్ ని రెండు అరచేతుల మధ్య రుద్దితే అదే విడిపోతుంది. ద్రాక్షపండు తియ్యగా ఉందా అని నోట్లో వేసుకోవడం, నెయ్యి వాసన చూడ్డం, ఇవన్నీ వైరస్ తగ్గాక చేసుకోవచ్చు.

ఒక్క తుమ్ము సంగతి విడిగా చెప్పాలి. చాలామంది తుమ్మొస్తే మాస్కు పాడవుతుందని దాన్ని కిందకి లాగి తుమ్ముతారు. వద్దండీ! మాస్కు ఉన్నదే దాని కోసం. మాస్కులోనే తుమ్మండి, మొహం పక్కకి తిప్పుకుని, బయటికి వచ్చేసి, దూరంగా ఎవరూ లేని చోట చెవి తాళ్ళు పట్టుకుని తీసి, జేబులో ఉన్న ఇంకో మాస్కు పెట్టుకోండి. మా ఊళ్ళో మే నెల ఎండకి చెమటతో తడిసినా అంతే. తడిసిన మాస్కులోంచి ఊపిరాడక జనం ముక్కు బయట పెడతారు, అందుకే ఇంకో మాస్కు ఎప్పుడూ ఉండాలి. ముక్కు బయట పెట్టి మూతి మూసుకున్నది మాస్కు పెట్టుకున్నట్టు లెక్క కాదు.

మన మాస్కు సరే, పక్కవాళ్ళది? షాపు ముందు సున్నంతో వలయాలు గీసినా ఎవరూ అందులో నించోరు, వెనకాయన మన భుజం మీద ఊపిరి వదులుతుంటాడు. కోప్పడితే గొడవ అవుతుంది, గొడవైతే ఆయన ఇంకా దగ్గరికొచ్చి అరుస్తాడు, నేను రెండుసార్లు చూశాను. "కొంచెం వెనక్కి జరగండి అన్నయ్యా, ఇంట్లో పెద్దవాళ్ళున్నారు" అని మెల్లిగా అనండి, ఎవరైనా జరుగుతారు. సంచుల్లో ఒకటి మన వెనక నేల మీద పెడితే ఇంకా మంచిది, సంచి తొక్కి ఎవరూ ముందుకి రారు. కొట్టాయన తూకం వేస్తున్నంతసేపూ కాటా మీదకి వంగి చూడొద్దు, రెండడుగులు వెనక్కి నించుంటే ముల్లు కనిపిస్తుంది. ఆయన మాస్కు దిగి ఉంటే "బాబాయ్, మాస్కు" అని చెప్పండి, వినకపోతే వేరే కొట్టుకి వెళ్ళండి, మొహమాటపడొద్దు.

డబ్బులు స్కాన్ చేసి కట్టేయండి, లేదా సరిపడా చిల్లర ఇవ్వండి.

ఇంటికొచ్చాక సంచి గుమ్మం దగ్గర పెట్టి నేరుగా చేతులు సబ్బుతో ఇరవై సెకన్లు కడగండి, వైరస్ కి పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బుకి అది విడిపోతుంది. బయట ఉంటే కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉన్న శానిటైజర్. సామాన్లు సర్దేశాక ఇంకోసారి కడుక్కోండి, ఇక ప్యాకెట్లని ఏమీ చెయ్యక్కర్లేదు. వంటింట్లో పొయ్యి పక్కన నించుని శానిటైజర్ స్ప్రే కొట్టడం అయితే మరీ ప్రమాదం, ఆల్కహాల్ మండుతుంది.

కూరగాయలు మామూలు నీళ్ళతో, ధారగా వచ్చే కుళాయి కింద, చేత్తో రుద్ది కడిగితే చాలు. సబ్బు, డెట్టాల్, బ్లీచింగ్ వద్దు, కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా సబ్బూ క్రిమిసంహారకాలూ వాడొద్దనే చెప్పింది, బెండకాయ, కాలీఫ్లవర్ లాంటివాటిలో సబ్బు దిగిపోతే కడుపు పాడవుతుంది. ఉప్పూ పసుపూ వేసిన నీళ్ళలో నానబెడితే పురుగులు పైకి తేలతాయి, వైరస్ పోతుందని మాత్రం అనుకోకండి. కొన్ని మార్కెట్ల ముందు టన్నెల్ పెట్టి మనుషుల మీద క్రిమిసంహారక మందు కొట్టారు కదా, మనుషుల మీద కొట్టొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్ లోనే చెప్పింది, అలాంటిది కనిపిస్తే పక్కనుంచి వెళ్ళండి.

పెద్దవాళ్ళకి తెచ్చిన సంచి వాళ్ళ గుమ్మం ముందు పెట్టి, బెల్లు కొట్టి, మెట్ల దాకా వెనక్కి వచ్చి నించోండి. మా మామ్మగారు తలుపు తీసి "లోపలికి రావే, కాఫీ తాగి వెళ్ళు" అని ప్రతిసారీ పిలిచేవారు, మెట్ల దగ్గర్నుంచే లెక్క చెప్పి వచ్చేసేదాన్ని. అప్పటిదాకా మాస్కు తియ్యకండి. తర్వాత ఇంట్లోకొచ్చి, తాళ్ళు పట్టుకుని తీసి, ఎన్95 అయితే ఉతక్కుండా ఆ రోజు పేరు రాసిన కాగితం కవర్లో వేసి గాలి తగిలే చోట వేలాడదీయండి, గురువారానిది మళ్ళీ వచ్చే గురువారమే తీయాలి, తాడు సాగిపోతే పారేయాలి.