వానలు ముదరకముందే ఒక లీటరు సీసా వెతికి పెట్టుకోండి

తొలకరి పడి ఊడ్పులు మొదలయ్యే రోజుల నుంచి మా వైపు నీళ్ళంటేనే భయం. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ఎలా వ్యాపించిందో ఇక్కడెవరూ మర్చిపోలేదు. నీళ్ళు మరిగించి తాగాలి, బోరు చుట్టూ మురుగు నిలవనివ్వకూడదు, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఇవన్నీ తెలిసినవే, మానకండి. నా బెంగ ఓఆర్‌ఎస్ ప్యాకెట్ (మోషన్లప్పుడు నీళ్ళలో కలిపి తాగే ఉప్పు, గ్లూకోజ్ పొడి) గురించి. ఇంట్లో ప్యాకెట్ ఉన్నా, దాన్ని తప్పుగా కలుపుతున్నాం.

నేను హైస్కూల్లో బయాలజీ చెబుతాను. కిందటి వర్షాల్లో మా ఎదురింటి బాబుకి మోషన్లు పట్టుకుంటే, వాళ్ళమ్మ లీటరు నీళ్ళలో కలపాల్సిన ప్యాకెట్ మొత్తం ఒక్క గ్లాసు నీళ్ళలో కలిపేసింది. "చిక్కగా ఉంటే తొందరగా తగ్గుతాదనుకున్నాను మేడమ్" అంది. ఆమె తప్పేం లేదు, లీటరే ఎందుకో ఎవరూ చెప్పలేదు.

మాగాయ పెట్టేటప్పుడు చూసే ఉంటారు. మామిడి ముక్కలకి ఉప్పు పట్టించి ఉంచితే మర్నాటికి ఊట దిగుతుంది. ఆ నీరు ముక్క లోపలిదే. కణం చుట్టూ ఉండే పలుచని పొర నీటిని తేలిగ్గా పోనిస్తుంది, ఉప్పుని అలా పోనివ్వదు. అందుకని ఉప్పు ఎక్కువున్న వైపుకి నీరు కదులుతుంది. దీన్నే ద్రవాభిసరణం అంటాం. చిక్కటి ఓఆర్‌ఎస్ పేగులోకి వెళ్తే అక్కడా ఇదే జరుగుతుంది. బిడ్డ ఒంట్లోని నీరే పేగులోకి దిగి మోషన్లు పెరుగుతాయి. రక్తంలో ఉప్పు ప్రమాదకరంగా పెరగొచ్చు కూడా.

సరిగ్గా కలిపితే కథ తిరగబడుతుంది. పేగు కణాల పొరలో ఒక ప్రోటీను ద్వారం ఉంది. అది ఉప్పులోని రెండు సోడియం అయాన్లనీ ఒక గ్లూకోజ్ అణువునీ జంటగా లోపలికి తీసుకుంటుంది. గ్లూకోజ్ తోడు లేకపోతే సోడియానికి ఆ దారి తెరుచుకోదు. సోడియం లోపలికొస్తే దాని వెంట నీరూ వస్తుంది. కలరా విషం పేగు నుంచి నీటిని బయటికి తోడేస్తున్నప్పుడు కూడా ఈ ద్వారం పాడవదు. ఉప్పు, గ్లూకోజ్ కలిపి ఇవ్వడంలోని కిటుకంతా ఇదే. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ చాలనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీళ్ళు తాగించే ఎందరినో బతికించారు. ఈ సంగతి చెప్పేటప్పుడు ప్రతి ఏడాదీ నా గొంతు పూడుకుపోతుంది.

కాబట్టి వానలు ముదరకముందే లీటరు సీసా ఒకటి శుభ్రంగా కడిగి పక్కన పెట్టుకోండి. ఆశా కార్యకర్త దగ్గర ప్యాకెట్లు, జింకు బిళ్ళలు అడిగి తెచ్చుకోండి. ప్యాకెట్ మీద ఎంత నీరు రాసుందో చూసి (పెద్దదైతే 1 లీటరు, చిన్నవి 200 మిల్లీలీటర్లకి కూడా వస్తాయి) కాచి చల్లార్చిన నీటిలో అంతే కలపండి. 24 గంటలు దాటితే పారబోయండి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీటికి తలకొట్టిన 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. ఉప్పు ఒక్క చిటికె కూడా పెంచొద్దు. కూల్‌డ్రింకులు, డబ్బాల్లో వచ్చే పళ్ళరసాలు వద్దు. వాటిలో చక్కెర మరీ ఎక్కువ, ఉప్పు చాలదు.

రెండేళ్ళలోపు బిడ్డకి మోషన్ అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో. పదేళ్ళలోపు పిల్లలకి 100 నుంచి 200. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా పట్టండి. "నీళ్ళు పడితే ఇంకా పోతాది కదమ్మా" అని పెద్దవాళ్ళు ఆపుతారు. వాళ్ళకి మాగాయ సంగతితో పాటు, సరిగ్గా కలిపితే నీటిని లోపలికి తీసుకునే ఆ ద్వారం సంగతీ చెప్పండి, అర్థం చేసుకుంటారు. తల్లిపాలు, మెత్తటి అన్నం మానిపించొద్దు. మోషన్లు ఆగే మాత్రలు పిల్లలకి సొంతంగా వేయొద్దు.

కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వైపు వాళ్ళకి ఇంకో మాట. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఓఆర్‌ఎస్‌లోని పొటాషియం, సోడియం లెక్క వేరు. మోషన్లు వస్తే ఏం తాగాలో, ఎంత తాగాలో ఇప్పుడే మీ డాక్టర్ని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు నొప్పి మాత్రలు కిడ్నీలకి మరింత చెడుపు చేస్తాయి, వాటి జోలికి పోకండి.

కళ్ళు లోపలికి పోయినా, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే మెల్లగా సర్దుకుంటున్నా, ఆరు గంటలైనా మూత్రం రాకపోయినా, మోషన్‌లో రక్తం కనిపించినా, బిడ్డ మగతగా ఉండి తాగలేకపోతున్నా ఇంటి దగ్గర ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. బిడ్డ మింగగలిగితే దారిలో కూడా చెంచాతో పడుతూనే ఉండండి.