చెన్నైలో కరెంటు బిల్లు 500 యూనిట్లు దాటకుండా ఎలా చూసుకోవాలి?

2023 మే నెల బిల్లు మెసేజ్ నా ఫోన్‌లోంచి ఇంకా తీసేయలేదు. 511 యూనిట్లు. యూనిట్ల లెక్కే 2,038 రూపాయలు వచ్చింది. ఆ పదకొండు యూనిట్లు కాలకుండా ఉంటే 1,725తో పోయేది. అంటే పదకొండు యూనిట్లకి 313 రూపాయలు! ఆఖరి వారంలో కడప నుంచి చుట్టాలొచ్చారు, హాల్లో కూడా ఏసీ వేశాం, అంతే.

అలా ఎందుకైందో ముందు తెలియాలి. ఇక్కడ ఇళ్లకి రీడింగ్ రెండు నెలలకోసారి తీస్తారు. 2022 సెప్టెంబర్‌లో వచ్చిన రేట్ల ప్రకారం మొదటి 100 యూనిట్లు ఉచితం. 101 నుంచి 200 దాకా యూనిట్‌కి 2.25, 400 దాకా 4.50, 500 దాకా 6 రూపాయలు. మొత్తం 500 దాటితే మాత్రం వేరే రేట్ల పట్టీ వర్తిస్తుంది. అందులో 2.25 మెట్టే లేదు. 101 నుంచే 4.50 పడుతుంది, 500 పైనవి 8 రూపాయల చొప్పున పోతాయి. కాబట్టి 501వ యూనిట్ ఖరీదు 8 రూపాయలు కాదు, 233 రూపాయలు. ఆ తర్వాత రేట్లు మారుతూ వచ్చాయి కాబట్టి మీ తాజా పట్టీ చూసుకోండి. నేను లెక్క చెప్పడానికి ఆ ఏడాది రేట్లే తీసుకున్నాను.

కూరగాయల దగ్గర రెండు రూపాయలు బేరమాడి, ఇక్కడ మూడొందలు వదిలేయడం నాకు మనసొప్పలేదు. అప్పట్నుంచి మా ఇంట్లో చేస్తున్నదే ఇక్కడ రాస్తున్నాను.

1. మీటరు ఎవరిదో తేల్చుకోండి

సొంతిల్లయితే ఈ మాట వదిలేసి ముందుకెళ్లండి. అద్దెకుండేవాళ్లు మాత్రం అడ్వాన్స్ ఇవ్వకముందే ఒక్క ప్రశ్న అడగాలి: "మా పోర్షన్‌కి విడిగా ఈబీ (కరెంటు బోర్డు) కనెక్షన్ ఉందా, సబ్ మీటరా?" సబ్ మీటరంటే ఓనరు తన కనెక్షన్‌లోంచే మీ వాటాకి పెట్టిన మీటరు. అదైతే ఓనరు యూనిట్‌కి ఇంత అని ఒకే రేటు వసూలు చేస్తారు. ఉచిత వంద యూనిట్లూ, ఈ మెట్లూ మీ దాకా రావు. పెళ్లైన కొత్తలో మేమున్న ఇంట్లో మొదటి యూనిట్ నుంచే 8 రూపాయలు కట్టాం. రెండు నెలలకి 200 యూనిట్లు వాడితే 1,600. విడి కనెక్షన్ ఉన్న పక్కింటివాళ్లకి అవే 200 యూనిట్లకి 225. అద్దె ఐదొందలు తక్కువని మురిసిపోయి చేరిన ఇల్లది.

2. ఆదివారం పొద్దున మీటరు చూసి రాసుకోండి

మీటరు తెర మీద తేదీ, టైము, ఇంకేవో అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి. పక్కన కేడబ్ల్యూహెచ్ (kWh, అంటే యూనిట్లు) అని కనిపించే అంకె ఒక్కటే మనక్కావాలి. పోయిన రీడింగ్ ఏ రోజు తీశారో, ఎంత ఉందో కార్డులోనో మెసేజ్‌లోనో ఉంటుంది. దాన్ని పాత క్యాలెండర్ వెనక రాసి, కింద ప్రతి ఆదివారం అంకె వేసుకుంటూ పోండి.

రోజుకి 8, వారానికి 56 యూనిట్లు. ఈ రెండు అంకెలు గుర్తుంటే చాలు. అరవై రోజులకి 480 అవుతుంది, ఇంకో ఇరవై చేతిలో ఉంటాయి. రీడింగ్ ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా టెన్షన్ ఉండదు.

3. మెరుపులు లెక్కపెట్టండి

ఏ వస్తువు ఎంత తింటుందో చాలామందికి తెలీదు. అందరూ లైట్ల మీద పడతారు. మా అత్తమ్మ కూడా అంతే, గదిలోంచి ఎవరైనా లేస్తే చాలు, వెనకాలే వెళ్లి లైటు తీసేస్తారు. దాని పక్కన ఫ్యాను మాత్రం ఖాళీ మంచానికి గాలి కొడుతూ ఉంటుంది.

ఒకరోజు ఆమెనే మీటరు దగ్గర కూర్చోబెట్టాను. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మెరుస్తూ ఉంటుంది. యూనిట్‌కి ఎన్ని మెరుపులో మీటరు ముందువైపే అచ్చేసి ఉంటుంది. మాది 3200. ఇంట్లో అన్నీ ఆపేశాం, ఫ్రిజ్ ప్లగ్ కూడా తీసేశాం. హాల్లో పాత ఫ్యాను ఒక్కటి వేసి, నిమిషం పాటు లెక్కపెట్టమన్నాను. నాలుగు మెరుపులు. ఫ్యాను ఆపి తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు వేశాం. నిమిషం గడిచింది, ఏమీ లేదు. "చెడిపోయిందేమో చూడమ్మా" అన్నారు. రెండు నిమిషాలు నిండుతుండగా ఒక్కసారి మెరిసింది.

తర్వాత రెండు లీటర్ల గ్రైండర్ వేస్తే ఎనిమిది. ఇస్త్రీ పెట్టె వేడెక్కుతున్నప్పుడు యాభై పైన. ఏసీ వేశాక ఆమెకి లెక్క అందలేదు, "ఇది వరసపెట్టి కొడుతోందే" అని లేచిపోయారు. ఆ రోజు నుంచి ఆమె ఫ్యాన్ల వెంట పడ్డారు.

మీరూ ఒకసారి చేయండి. ఒక నిమిషంలో వచ్చిన మెరుపుల్ని 60తో హెచ్చించి, మీ మీటరు మీదున్న అంకెతో భాగిస్తే గంటకి ఎన్ని యూనిట్లో వస్తుంది. అన్నీ ఆపేసినా మెరుపులు వస్తూనే ఉంటే, ఏదో ఒకటి ప్లగ్‌లో ఉండిపోయిందన్నమాట. మా ఇంట్లో అది టీవీ కింద సెట్‌టాప్ బాక్స్. పది వాట్లే కదా అనుకుంటాం, రాత్రీ పగలూ ఆగదు కాబట్టి రెండు నెలలకి 14 యూనిట్లు తింటుంది. ఆ మే నెలలో మేం దాటింది పదకొండే.

4. ముందు ఫ్యాన్లు మార్చండి

చెన్నైలో ఫ్యాను ఆగే కాలమంటూ లేదు. మార్గళి నెలలో (డిసెంబర్, జనవరి మధ్య) తెల్లవారుజామున ఓ నాలుగు రోజులు ఆపుతామేమో. అందుకే ఇక్కడ పెట్టే డబ్బుకి ఫలితం ఉంటుంది. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర. హాల్లో పదహారు గంటలు, పడగ్గదిలో పది గంటలు తిరుగుతాయనుకుంటే, రెండూ మార్చాక ఒక బిల్లుకి 70 యూనిట్లు తగ్గుతాయి.

రెండు ఫ్యాన్లకి ఆరు వేల దాకా పెట్టాం. 4.50 చొప్పున లెక్కేస్తే ఆ డబ్బు తిరిగి రావడానికి మూడేళ్లు పైనే పడుతుంది, నిజమే. ఎండాకాలంలో 500 దాటడం కూడా తప్పుతుంది కాబట్టి ఇంకాస్త ముందే వస్తుంది. ఎక్కువ తిరిగే ఫ్యాను ఒక్కటే ముందు మార్చండి, స్టోర్ రూమ్ ఫ్యానుకి అక్కర్లేదు. బిగించేటప్పుడు పాత రెగ్యులేటర్‌ని పక్కకి తప్పించి నేరుగా కనెక్షన్ ఇమ్మని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి. ఈ ఫ్యాన్లలో చాలావాటికి వేగం రిమోట్‌తోనే మార్చుకోవాలి.

5. ఏసీ 26లో, పైన ఫ్యాను

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మనవాళ్లు. ఇక్కడ మే మొదట్లోనే అగ్ని నక్షత్రం అని పిలిచే మండుటెండల కాలం మొదలవుతుంది. ఏసీ వేయొద్దని చెప్పడం నా వల్ల కాదు. చిన్న పిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న ఇంట్లో అలాంటి పొదుపు వద్దు కూడా.

కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలన్న నిబంధన 2020 జనవరి నుంచి ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ చెబుతుంది. మేం మా మీటరు మీదే చూశాం. రాత్రి పదికీ పొద్దున ఆరుకీ మధ్య 22లో పెట్టిన రోజు ఆరు యూనిట్లు కదిలింది. 26లో పెట్టి ఫ్యాను మూడో స్పీడులో వేసిన రోజు నాలుగున్నర, అదీ ఫ్రిజ్‌తో కలిపి. చెమట పట్టనివ్వకుండా చూసేది ఫ్యానే, ఏసీ గదిలో తేమ లాగేస్తే చాలు. తెల్లవారు నాలుగుకి ఆగేలా టైమర్ పెట్టండి. పదిహేను రోజులకోసారి ఫిల్టర్ తీసి పంపు కింద కడిగి ఆరబెట్టండి.

6. కూలరు కొనకండి

ఇది అనుభవం మీద చెబుతున్నాను. కడపలో మా ఇంట్లో కూలరు వేస్తే మధ్యాహ్నం దుప్పటి కప్పుకునేవాళ్లం. ఆ ధైర్యంతోనే దాన్ని లారీలో వేయించుకుని తెచ్చాం. ఇక్కడ చెన్నైలో, పెరంబూరులో రెండు రాత్రులు నడిపాం. మూడో రోజు పొద్దున దిండ్లు చెమ్మగా, గోడకి తగిలించిన చొక్కాలు తడి వాసన వేస్తూ ఉన్నాయి. గాలిలో తేమ లేకపోతేనే కూలరులో నీళ్లు ఆవిరై చల్లబరుస్తాయి. సముద్రం పక్కనున్న ఊళ్లో గాలికి ఆ నీళ్లు పీల్చుకునే ఓపిక ఎక్కడిది? వట్టివేళ్ల తడికెలదీ ఇదే సంగతి, వాసన బాగుంటుంది, అంతే.

దానికి బదులు ఎండని లోపలికి రానివ్వకండి. పడమటి కిటికీకి బయటివైపు వెదురు చాప కట్టండి, లోపల కర్టెన్ కంటే అది మేలు. పొద్దున తొమ్మిదికల్లా కిటికీలు మూసి, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక తెరవండి. మేడ మీద ఇల్లయితే ఓనర్ని ఒప్పించి ఎండాకాలం ముందు డాబాకి తెల్ల సున్నం కొట్టించండి. రాత్రి తొమ్మిదికి కూడా స్లాబు వేడి తగ్గకపోతే ఏసీ మొదటి గంటంతా ఆ వేడితోనే పోరాడుతుంది.

7. మిగతావి

గీజర్ మేలో అక్కర్లేదు, ట్యాంకులో నీళ్లే కాలుతుంటాయి. చలికాలంలో రెండు వేల వాట్ల గీజర్ పావుగంట వేస్తే అర యూనిట్, వేసి మరిచిపోతేనే బాధ. వాషింగ్ మెషిన్‌లో వేడి నీళ్ల మోడ్ వాడకండి. ఫ్రిజ్‌ని గోడకి ఆనించకుండా ఓ జానెడు జరపండి, వేడి సాంబారు చల్లారాకే లోపల పెట్టండి. మిక్సీ, గ్రైండర్ల వాడకం తగ్గించాలని చూడకండి, ఇడ్లీ పిండి మానేసినా బిల్లు తగ్గదు.

8. ఆఖరి పది రోజులు

యాభయ్యో రోజున క్యాలెండర్ చూడండి. 400 లోపుంటే హాయిగా ఉండండి. 420 దగ్గరుంటే రోజుకి ఎనిమిది మించకూడదు, రాత్రి అందరం ఒకే గదిలో పడుకుంటాం. 440 దాటితే మాత్రం మీటరు రోజూ చూడాలి, ఇస్త్రీ బట్టలు వీధి చివర బండి దగ్గరికి పోతాయి, వాషింగ్ మెషిన్ రెండు రోజులకోసారే. ఇంత చేసినా దాటేస్తుందని తెలిసిపోతే బాధపడి లాభం లేదు. తర్వాతి మెట్టు 600 దగ్గర ఉంటుంది, దాని లోపల ఆగితే చాలు.

రీడింగ్ తీసుకెళ్లిన రోజు సాయంత్రం మా ఇంట్లో చిన్న పండగే. మూట కట్టి పెట్టిన దుప్పట్లన్నీ మెషిన్‌లో పడతాయి, ఇస్త్రీ పెట్టె అటక మీద నుంచి దిగుతుంది. అత్తమ్మ కొత్త క్యాలెండర్ కాగితం వెనక మొదటి అంకె వేస్తారు.