వెబ్ ఆప్షన్లు మొదలయ్యేలోగా మీ బ్రౌజర్ సంగతి చూడండి

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైందంటే అమలాపురం, పాలకొల్లు, భీమవరం ఎక్కడ చూసినా నెట్ సెంటర్లు ఖాళీ ఉండవు. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్ళేమో సర్టిఫికెట్ సైజు తగ్గించాలనో, ఫొటోని పీడీఎఫ్ చేయాలనో గూగుల్లో వెతికి, పైన కనిపించిన ఎక్స్‌టెన్షన్‌ని, అంటే బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాముని, ఎవరు చేశారో కూడా చూడకుండా యాడ్ చేసేస్తారు. ఫీజు కట్టేటప్పుడు అదే మీ కార్డు నంబరు చదివేస్తుంటే? ఆ హడావిడిలో తీరిక ఉండదు, ఇప్పుడే చూసుకోండి.

వెతికిన మాట ఏదో తెలియని సైట్‌కి పోతోందా, హోమ్ పేజీ దానంతటదే మారిపోయిందా, అయితే ఎక్స్‌టెన్షన్‌ని అనుమానించాల్సిందే. మూలన ‘మీ కంప్యూటర్‌కి వైరస్’ అంటూ వచ్చేవి మాత్రం చాలాసార్లు మనమే ఏదో సైట్‌కి అలో కొట్టిన నోటిఫికేషన్లు. సెట్టింగ్స్‌లో ఆ సైట్‌ని తీసేస్తే సరిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో క్రోమ్‌కి ఎక్స్‌టెన్షన్లు ఉండవు, కాబట్టి అక్కడ గోల చేసేది నోటిఫికేషనో, ఏదో పనికిమాలిన యాపో.

ఇక తీయడం. అందరూ రిమూవ్ కొట్టేసి అయిపోయిందనుకుంటారు, మర్నాడు చూస్తే మళ్ళీ అక్కడే ఉంటుంది. కాలవలో గుర్రపుడెక్కని ఓ పక్క లాగేసి రెండో పక్క వదిలేసినట్టే ఇది. అందుకే ముందు క్రోమ్‌లో సింక్ ఆఫ్ చేయండి, లేకపోతే అదే అకౌంట్ ఉన్న ఇంకో కంప్యూటర్ నుంచి తిరిగొస్తుంది. తర్వాత విండోస్‌లో యాప్స్ లిస్టుని తేదీల వరసలో పెట్టి, గొడవ మొదలైన రోజుల్లో ఎక్కిన తెలియని ప్రోగ్రాముని అన్‌ఇన్‌స్టాల్ చేయండి. అప్పుడు మూడు చుక్కలు, ఎక్స్‌టెన్షన్స్, మేనేజ్ ఎక్స్‌టెన్షన్స్, రిమూవ్.

రిమూవ్ బటనే లేకుండా, మీ సంస్థ దీన్ని నిర్వహిస్తోంది అని చూపిస్తే? కాలేజీవాళ్ళో ఆఫీసువాళ్ళో ఇచ్చిన లాప్‌టాప్ అయితే అది మామూలే, ముట్టుకోకండి. సొంత కంప్యూటర్‌లో ఏ సంస్థండీ! కొన్ని యాంటీవైరస్‌లు కూడా అలా కనపడేలా చేస్తాయి గానీ, అదేదీ కాకపోతే ఆ ప్రోగ్రామే రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే చోటు) క్రోమ్ పాలసీ, అంటే క్రోమ్ తప్పక పాటించే ఆర్డరు, రాసిపెట్టి ఉంటుంది. తెలిసినవాళ్ళని కూర్చోబెట్టి, రిజిస్ట్రీ బ్యాకప్ తీసుకుని ఆ పాలసీ తీయించండి, విండోస్‌లో ప్రోగ్రాముల్ని దానంతటదే నడిపించే టాస్క్ షెడ్యూలర్ కూడా చూడమనండి, కొన్ని అక్కణ్ణుంచే మళ్ళీ ఎక్కుతాయి.

ఆఖర్న క్రోమ్ రీసెట్ చేయండి, బుక్‌మార్కులు, దాచుకున్న పాస్‌వర్డులు పోవు. క్రోమ్‌లోనే క్లీనప్ టూల్ ఉందని పాత వీడియోల్లో చెబుతారు, దాన్ని గూగుల్ 2023లోనే తీసేసింది, వెతకకండి. విండోస్‌లో ఉన్న డిఫెండర్‌తో ఫుల్ స్కాన్ పెడితే చాలు. పాస్‌వర్డులు మాత్రం ఆ కంప్యూటర్‌లో కాకుండా ఫోన్‌లో మార్చి, అన్ని డివైజుల నుంచి సైన్ అవుట్ కొట్టండి, ఎందుకంటే మీరు లాగిన్ అయి ఉన్నారని సైట్‌కి గుర్తుచేసే లాగిన్ కుకీ ఆ ఎక్స్‌టెన్షన్ చేసినవాళ్ళ చేతికి వెళ్ళి ఉంటే పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి రాగలరు.

పేరున్న ఎక్స్‌టెన్షనే కదా అనుకోకండి. గ్రేట్ సస్పెండర్ అని లక్షల మంది వాడేది చేతులు మారాక, 2021 ఫిబ్రవరిలో మాల్‌వేర్ ఉందని గూగులే తీసేసింది. అన్ని సైట్లలో మీ డేటా చదవడానికి, మార్చడానికి పర్మిషన్ అడిగేవి ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకుని, వాడనివన్నీ పీకేయండి. పీడీఎఫ్ కావాలంటే ప్రింట్‌లోనే సేవ్ యాజ్ పీడీఎఫ్ ఉంది కదండీ, దానికి ఎక్స్‌టెన్షన్ ఎందుకు?

నెట్ సెంటర్లో ఆప్షన్లు పెట్టుకునేవాళ్ళు క్రోమ్‌లో గెస్ట్ విండో తెరవమని అడగండి, అందులో సెంటర్‌వాళ్ళు పెట్టుకున్న ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. అలాగని కంప్యూటరే పాడై ఉంటే గెస్ట్ విండో కాపాడదు, అందుకని డబ్బు కట్టేది సొంత ఫోన్లో యూపీఐతో కట్టడం మేలు. ఇప్పటికే డబ్బు పోయిందా, రిమూవ్ సంగతి తర్వాత, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకి కూడా చెప్పండి.